ఏడీహెచ్‌డీ ఉంటే గుర్తుపెట్టుకునే పని తలకి ఇవ్వకండి, గోడకి ఇవ్వండి

మూడేళ్ళ కింద ఒక నెల 20వ తారీకు. నేను నెల్లూరులో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో పనిచేస్తా, నెలనెలా పార్టీల జీఎస్టీ రిటర్నులు వేసే పని. ఆ రోజు ఒక పార్టీది త్రీబీ, అంటే నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను, మొత్తం రెడీగా ఉంది, గడువు ఆ రోజే, డబ్బులు కట్టేశాం, చలాన్ కూడా వచ్చేసింది, ఇంక ఓటీపీ కొట్టి ఫైల్ చేయడం ఒక్కటే మిగిలింది. ఓటీపీ ఆయన ఫోనుకే పోతుంది కదా, ఫోన్ చేస్తే "అన్నం తింటా ఉండానమ్మా, పది నిమిషాల్లో చెప్తా" అన్నాడు. సరేనని పెట్టేశా. ఆ పది నిమిషాల్లో ఇంకో పార్టీ వచ్చి బిల్లుల కట్ట నా టేబుల్ మీద పెట్టాడు. అంతే. ఆ త్రీబీ అనేది ఒకటి ఉందని నాకు మళ్ళీ గుర్తొచ్చింది 23న పొద్దున పళ్ళు తోముకుంటా ఉంటే.

రోజుకి 50 లెక్కన మూడు రోజులకి 150 రూపాయలు లేటు ఫీజు, నేనే కట్టేశా. డబ్బు చిన్నదే. ఆయన ఆఫీసుకొచ్చి అన్న మాట మాత్రం ఇంకా చెవిలో ఉంది. "నీకు తెలీక కాదు కదమ్మా, లెక్కలేక."

లెక్కలేక కాదు. లెక్క ఉంది కాబట్టే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇట్టాంటి మాటలు పడ్డవాళ్ళ కోసమే ఇది రాస్తా ఉన్నా. "ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్", "బాధ్యత లేదు నీకు", "ధ్యాస యాడ పెట్టావే" అని ఇంట్లోనూ బయటా విని విని, నిజంగా మనం అట్టాంటోళ్ళమేనేమో అని నమ్మేసి బతుకుతున్నోళ్ళు మన నెల్లూరులో, కావలిలో, ఒంగోల్లో ఎంతమంది ఉన్నారో. ఆ తర్వాత ఏడాదికి నాకు ఏడీహెచ్‌డీ అని, అంటే ధ్యాస నిలవకపోవడం, నిలకడలేనితనం, తొందరపాటు ఉండే సమస్య అని తెలిసింది. అప్పటి నించి ఏం చేస్తే పని జరిగిందో, ఏది చేసినా జరగలేదో, అది చెప్తా. నేను డాక్టర్ని కాదు, ఇవి ఇంట్లో ఆఫీసులో రోజూ చేసుకునే పద్ధతులు అంతే.

ముందు ఒక్క సంగతి సరిగ్గా అర్థం చేసుకోవాలి, లేకపోతే కింద చెప్పేవన్నీ ఉత్త చిట్కాల్లాగే కనపడతాయి. మనకి ఏం చేయాలో తెలుసు. ఎందుకు చేయాలో తెలుసు. చేయకపోతే ఏమవుతుందో కూడా బాగా తెలుసు. ఇబ్బంది ఉండేది తెలిసిన పనిని ఆ టైముకి, ఆ చోట మొదలుపెట్టడంలో, మధ్యలో ఎవరన్నా కదిలిస్తే మళ్ళీ దాని దగ్గరకి రావడంలో. తలలో అప్పటికప్పుడు నాలుగు విషయాలు పట్టి ఉంచే జాగా మనకి ఇరుకు, కొత్తది ఒకటి లోపలికొస్తే పాతది బయటికి పోతుంది, పోయిందని కూడా మనకి తెలీదు. వచ్చే వారం పడే ఫైను గురించి భయం ఉంటుంది కానీ ఆ భయం ఇప్పుడు మనల్ని కుర్చీలోంచి లేపదు. అందుకే "ఇంకాస్త గట్టిగా గుర్తుపెట్టుకుంటా, రేపటి నించి శ్రద్ధగా ఉంటా" అని ఒట్టు పెట్టుకోవడం పనిచేయదు. నేను ముప్పై ఏళ్ళు పెట్టుకున్నా ఆ ఒట్టు.

ఇది నాకు యాడ అర్థమైందంటే, మా తమ్ముడి రొయ్యల చెరువు గట్టు మీద. వాడు ముత్తుకూరు పక్క వెనామీ వేస్తాడు. మేత వేశాక రొయ్యలు తిన్నాయా లేదా అని వాడు ఊహించుకోడు. చెక్ ట్రేలో కొంచెం మేత పెట్టి నీళ్ళలోకి దించుతాడు, గంటన్నర రెండు గంటలకి పైకి లాగి చూస్తాడు, మిగిలితే తర్వాతి మేత తగ్గిస్తాడు, ఖాళీగా ఉంటే పెంచుతాడు. ఏ పూట ఎన్ని కేజీలు వేశారో మోటర్ షెడ్డులో తాడుకి కట్టిన పుస్తకంలో అక్కడికక్కడే రాస్తాడు. "అంత గుర్తుండదా రా నీకు?" అని అడిగా. "గుర్తుంటదక్కా, అయినా లక్షల రూపాయల పంటని గుర్తు మీద ఎవడు వదులుతాడు" అన్నాడు. వాడికి ఏడీహెచ్‌డీ లేదు. మంచి జ్ఞాపకశక్తి ఉన్నోడే తల మీద వదలట్లేదు, నేనెందుకు వదులుతున్నా అనిపించింది. అప్పటి నించి నాకు ఒకటే సూత్రం, గుర్తు అనేది తలలో ఉండకూడదు, పని జరిగే చోట కంటికి తగలాలి.

కనపడేట్టు పెట్టడం

మార్కాపురం పలక ఒకటి తెచ్చి వీధి తలుపు పక్కన మేకుకి తగిలించా. పెద్దది, చెక్క ఫ్రేముది. ఫోనులో యాప్‌లు చాలా వాడి చూశా, ఫోను తెరిస్తే నేను యాప్ దాకా పోయేలోపు వాట్సాప్‌లో పడతా, అర్ధగంట పోతుంది. పలకలో ఇంకేం ఉండదు, అదే దాని గొప్ప. పొద్దున మూడంటే మూడే పనులు రాస్తా. మూడు దాటితే ఏది ముందు అని తేల్చుకోలేక ఏదీ మొదలుపెట్టను, కాబట్టి మిగతావన్నీ ఒక నోటుబుక్కులో పడేస్తా, పలక ఎక్కేవి మాత్రం మూడు. అయిపోయినదాన్ని తడిగుడ్డతో తుడిచేస్తే ఒక తృప్తి, చిన్న పిల్లలకి ఉన్నట్టే ఉంటుంది, ఆ తృప్తి తర్వాతి పనికి తోస్తుంది.

పలక కిందే ఇంకో రెండు మేకులు. ఒకటి బండి తాళాలకి, ఒకటి ఆఫీసు బ్యాగుకి. తాళాలు ఎక్కడ పెడితే అక్కడ పెట్టే అలవాటు మానుకోవాలని ఏళ్ళ తరబడి చూశా, మానలేకపోయా, చివరికి నేను తాళాలు అలవాటుగా పడేసే చోటు ఏదో గమనించి అక్కడే మేకు కొట్టించా. ఇది ముఖ్యం. వస్తువుకి మంచి చోటు ఏది అని ఆలోచించొద్దు, మీ చెయ్యి దాన్ని ఎక్కడ వదులుతుందో చూసి దాన్నే దాని ఇల్లు చేసేయండి. బట్టల విషయం కూడా అంతే, నేను మడిచి బీరువాలో పెట్టను, కుర్చీ మీద వేస్తా, కాబట్టి ఇప్పుడు ఆ కుర్చీ తీసేసి అక్కడ మూతలేని బుట్ట పెట్టాం.

మూతల సంగతి వచ్చింది కాబట్టి చెప్తా. మూత ఉంటే లోపలిది లేనట్టే మనకి. వంటింట్లో స్టీలు డబ్బాలు తీసేసి లోపలికి కనపడే డబ్బాలు పెట్టుకున్నాక కందిపప్పు ఉండగానే ఇంకో రెండు కేజీలు తెచ్చేయడం ఆగింది. ఫ్రిజ్‌లో వెనకాల పెట్టిన కూర పాడైపోయాకే కనపడేది, ఇప్పుడు మిగిలిన కూరలన్నీ ముందు వరస, ఊరగాయలు జాడీలు లాంటి పాడుకానివి వెనక వరస. పొద్దున వేసుకునే మాత్ర కాఫీపొడి డబ్బా పక్కనే, ఎందుకంటే కాఫీ మర్చిపోయే ప్రశ్నే లేదు. అయితే ఇంట్లో చిన్న పిల్లలుంటే వాళ్ళకి అందని ఎత్తులో పెట్టండి. ఏడు రోజులకి ఏడు గళ్ళుండే డబ్బా మందుల షాపులో దొరుకుతుంది, అది కొనండి, "వేసుకున్నానా లేదా" అనే అనుమానంతో రెండోసారి వేసుకునే ప్రమాదం పోతుంది.

కత్తెర, ఛార్జర్, పెన్ను, పిన్నుల డబ్బా, ఇవి ఏ గదికి ఆ గదిలో విడిగా ఉంచుకోండి. దుబారా అంటారు మా అత్తమ్మ. కత్తెర కోసం లేచి పక్క గదిలోకి పోయి, అక్కడ బట్టలు చూసి, అవి మడతపెడతా కూర్చుని, కత్తిరించాల్సిన కాయితం సాయంత్రం దాకా అట్టానే ఉండటం కంటే 60 రూపాయల కత్తెర చౌక.

ఇంక పొయ్యి. ఇది ప్రాణాల మీదకి వచ్చే సంగతి కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నా. పొయ్యి వెలుగుతుండగా వంటింట్లోంచి బయటికి రావాల్సి వస్తే చేతిలో గరిటె పట్టుకునే రండి. కింద పెట్టకూడదు. కాలింగ్ బెల్ మోగినా, పిల్లోడు పిలిచినా, ఫోను వచ్చినా గరిటె చేతిలోనే. చేతిలో గరిటె చూసుకున్న ప్రతిసారీ పొయ్యి గుర్తొస్తుంది. చేపల పులుసు రెండుసార్లు మాడబెట్టాక నేను కనిపెట్టుకున్న పద్ధతి ఇది, మామిడికాయ ముక్కలేసి మట్టి దాకలో పెట్టిన పులుసు అడుగంటితే ఆ దాక కూడా ఇంక పనికిరాదు. గరిటె మొదలెట్టాక ఏడాదిన్నరగా ఒక్కసారి కూడా మాడలేదు.

టైము

నాకు టైము రెండే రకాలు, ఇప్పుడు, ఇప్పుడు కానిది. సాయంత్రం నాలుగింటి పని, వచ్చే నెల పని, రెండూ నాకు ఒకే దూరంలో ఉన్నట్టు అనిపిస్తాయి. దీనికి ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళలో టైము కనపడకపోవడం అనే అంటారు, చూపు లాంటిదే, కాబట్టి అద్దాలు కావాలి. నా అద్దాలు ఇవి.

ముల్లులున్న గోడ గడియారం ప్రతి గదిలో, బాత్రూములో కూడా. అంకెల గడియారం ఇప్పుడు ఎంతయిందో చెప్తుంది, ముల్లుల గడియారం ఇంకెంత మిగిలిందో చూపిస్తుంది. రెండోది, ఒక వారం రోజులు నేను అనుకున్న టైము, నిజంగా పట్టిన టైము పక్కపక్కన రాసుకున్నా. రెడీ అవడానికి పది నిమిషాలు అనుకునేదాన్ని, 35 పట్టింది, ప్రతి రోజూ. పెద్ద బజారుకి పోయి రావడం అర్ధగంట అనుకుంటే గంటా పది. ఆ వారం రాసుకున్న కాయితం బీరువా తలుపుకి అంటించా, ఇప్పుడు ఎవరన్నా "ఎంతసేపు పడుతుంది" అంటే ఆ కాయితం చూసి చెప్తా, మనసుని అడగను.

మూడోది వెనక నించి లెక్క. చెన్నైకి పినాకిని ఎక్కాలంటే రైలు టైము నాకు అక్కర్లేదు, నేను చెప్పులు వేసుకునే టైము కావాలి. రైలు టైము రాసి, స్టేషన్లో పదిహేను నిమిషాలు ముందు, ఆటోకి ఇరవై, వానాకాలమైతే అండర్ బ్రిడ్జిల్లో నీళ్ళు నిలిచి చుట్టూ తిరిగి పోవాలి కాబట్టి ఇంకో పావుగంట, అట్టా వెనక్కి వస్తే ఒక టైము వస్తుంది కదా, అలారం దానికి పెట్టాలి. పెట్టేటప్పుడు అలారానికి పేరు కూడా పనిగా పెట్టండి, "రైలు" అని కాదు, "చెప్పులేసుకో" అని. దానికి పదిహేను నిమిషాల ముందు ఇంకొకటి, "చేతిలో పని ఆపు" అని. ఎందుకంటే మనకి మొదలుపెట్టడం ఎంత కష్టమో, ఒకదాంట్లో మునిగాక బయటికి రావడం కూడా అంతే కష్టం. ఒక లెక్క కుదరకపోతే నేను మధ్యాన్నం అన్నం కూడా లేకుండా నాలుగు గంటలు కూర్చున్న రోజులున్నాయి, అది శ్రద్ధ అని అందరూ మెచ్చుకున్నారు, అదీ ఇందులో భాగమే. అట్టాంటప్పుడు అలారం కూడా వినపడదు, ఆఫీసులో పక్క సీటు అమ్మాయికి చెప్పా, ఒంటిగంటన్నరకి వచ్చి నా మానిటర్ ఆపేయమని.

అలారం మోగితే ఒకటే నియమం. పనికి లేచి నిలబడేదాకా దాన్ని ఆపకూడదు. కూర్చుని ఆపేస్తే అది మోగనట్టే.

మొదలుపెట్టడం

ఇదే అన్నిటికంటే గట్టి గోడ. పని కష్టమైనదని కాదు, ఒక్కోసారి రెండు నిమిషాల పనే వారాల తరబడి అట్టానే ఉంటుంది, దాన్ని చూస్తే ఒక రకమైన భారం, సిగ్గు, ఇంక దాని వైపు చూడబుద్ధి కాదు. ఇక్కడ నాకు బాగా పనిచేసినవి మూడు.

మొదటిది పక్కన మనిషి. ఆ మనిషి సాయం చేయక్కర్లేదు, మాట్లాడక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. ఆదివారం నేను కాయితాలు సర్దాలంటే మా అత్తమ్మ నా పక్కన చిక్కుడుకాయలు ఒలుచుకుంటా కూర్చుంటారు. మొదట్లో "నేనెందుకే ఈడ" అనేవాళ్ళు, ఇప్పుడు ఆమే చాట తెచ్చుకుని "దా అమ్మాయ్, కూర్చుందాం" అంటారు. ఒంగోల్లో నా స్నేహితురాలు ఒకామె ఉంది, తను కుట్టుపని చేస్తుంది, రాత్రి ఎనిమిదిన్నరకి ఇద్దరం వీడియో కాల్ పెట్టుకుని ఫోను గోడకి ఆనించి ఎవరి పని వాళ్ళు చేసుకుంటాం, మధ్యలో మిషన్ శబ్దం వినపడతా ఉంటుంది, అంతే. మీకు అట్టాంటి మనిషి ఒకరు దొరికితే వదులుకోవద్దు.

రెండోది, పనిని మరీ చిన్నది చేయడం. "ఆడిట్ ఫైలు పూర్తి చేయాలి" అని రాస్తే ఆ పని జరగదు. "ఫైలు తీసి టేబుల్ మీద పెట్టు" అని రాస్తే జరుగుతుంది, అది టేబుల్ మీదకి వచ్చాక పదిసార్లలో ఏడుసార్లు తెరుస్తా. తెరవకపోయినా పర్లేదు, రేపటికి ఒక అడుగు తక్కువ. 25 నిమిషాలు పని, ఐదు నిమిషాలు విశ్రాంతి అనే పద్ధతి ఒకటి ఉంది, ఇటలీలో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఆయన కాలేజీలో చదువుకునేటప్పుడు టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టాడు, అందుకే దానికి వాళ్ళ భాషలో టమాటా పేరే పొమొడోరో అని వచ్చింది. అది బాగుంటుంది కానీ 25 మీద పట్టుదల వద్దు. నాకు మంచి రోజు 25, చెడ్డ రోజు 10, మా అబ్బాయికి హోంవర్కుకి 8 నిమిషాలే.

మూడోది, కొత్త పనిని పాత అలవాటు తోకకి కట్టడం. "ఖాళీ ఉన్నప్పుడు చేస్తా" అంటే ఎప్పటికీ కాదు. "కాఫీ గ్లాసు కడిగి బోర్లించగానే పలక రాస్తా" అంటే అయింది, ఎందుకంటే గ్లాసు బోర్లించిన శబ్దమే నాకు గంట.

మధ్యలో ఆగిపోయే పనులకి ఇంకో చిన్నది. ఎవరన్నా పిలిస్తే, లేచే ముందు ఎక్కడ ఆగానో ఒక్క ముక్క రాసి స్క్రీన్ మీద అంటిస్తా. "ఓటీపీ కోసం ఆగా, ఫలానా వాళ్ళు" అని. ఐదు సెకండ్లు. ఈ అలవాటు అప్పుడే ఉండి ఉంటే ఆ 23వ తారీకు వచ్చేది కాదు. ఇప్పుడు 20 గడువు ఉన్నవన్నీ నా క్యాలెండర్‌లో 17 అనే రాసి ఉంటాయి, 11న వేయాల్సినవి 8 అని.

డబ్బులు, నోటి మాటలు

కరెంటు బిల్లు, ఫోను, గ్యాస్, ఎల్ఐసీ, ఏవేవి ఆటోపేలో పెట్టగలమో అన్నీ పెట్టేశా, దీని గురించి ఆలోచించక్కర్లేదు, ఈ వారమే చేసేయండి. జీతం పడిన రోజే ఆ బిల్లులకి సరిపడా డబ్బు వేరే అకౌంటులోకి పోవాలి, లేకపోతే ఆటోపే ఫెయిలై బ్యాంకు ఛార్జీ పడుతుంది. చీటీ డబ్బులు మాత్రం ఆటోపే కావు కదా, అందుకని చీటీ ఆమెనే అడిగా, ముందు రోజు సాయంత్రం ఒక మెసేజ్ పెట్టమని. సంతోషంగా పెడుతుంది, ఆమెకి కావాల్సిందీ అదే.

రాత్రి పదకొండింటికి ఆన్‌లైన్‌లో చీరలు కొనడం నాకున్న పెద్ద బలహీనత. యాప్‌ల్లో సేవ్ అయి ఉన్న కార్డు నంబర్లు తీసేశా, కొనాలంటే లేచి పోయి పర్సు తెచ్చుకుని పదహారు అంకెలు కొట్టాలి, ఆ లేచే లోపల సగం కోరిక పోతుంది. మిగతా సగానికి, కార్టులో వేసి మర్నాడు పొద్దున కూడా కావాలనిపిస్తేనే కొంటా. చెడ్డ పనికి అడ్డం పెట్టడం, మంచి పనికి అడ్డం తీయడం, డబ్బు విషయంలో చేయాల్సింది ఇంతే.

నోటితో చెప్పిన పని మనకి నిలవదు. ఆఫీసులో సార్ నడుస్తా నడుస్తా మూడు పనులు చెప్పి పోతే రెండోది ఖాయంగా పోతుంది. ఇప్పుడు నేనే చెప్పేశా, "సార్, ఒక్క మెసేజ్ పెట్టండి, తప్పకుండా చేస్తా" అని. ఆయన పెట్టకపోతే నేనే రాసి పంపుతా, "మీరు చెప్పినవి ఈ మూడే కదా సార్" అని. రోగం పేరు అందరికీ చెప్పక్కర్లేదు, ఏం కావాలో చెప్తే చాలు. ఇంట్లో మాత్రం చెప్పా. మా ఆయన చాలా ఏళ్ళు "నేను చెప్పిందంటే నీకు విలువ లేదు" అని బాధపడేవాడు, అది నిజం కాదని నేను ఎంత చెప్పినా నమ్మించలేకపోయా. ఇప్పుడు ఆయన నేను వంటలో ఉన్నప్పుడు ఏమీ చెప్పడు, పలక మీద రాసి పోతాడు. మా ఇంట్లో సగం గొడవలు ఆ సుద్దముక్కతోనే పోయాయి.

నిద్ర, ఎండ

నిద్ర చాలకపోతే పైన చెప్పినవి ఏవీ పనిచేయవు, ఒక్కటి కూడా. రాత్రి ఫోను హాల్లో ఛార్జింగ్‌లో పెట్టి పడకగదిలోకి ఉత్త చేతులతో పోతా, లేపడానికి వంద రూపాయల టేబుల్ గడియారం. పొద్దున అర్ధగంట వేగంగా నడిస్తే ఆ తర్వాత రెండు గంటలు తల కుదురుగా ఉంటుంది, అందుకే లెక్కల పని అప్పుడే పెట్టుకుంటా. మన వైపు మే నెలలో, రోహిణి కార్తెలో మధ్యాన్నం రెండింటికి బుర్ర పెట్టే పని నేను పెట్టుకోను, బిల్లులు వరసలో పెట్టడం, స్కాన్ చేయడం లాంటి చేతి పనులే ఆ టైముకి. టిఫిన్ మానొద్దు, అందులో గుడ్డో పెసరట్టో ఏదో ఒకటి ఉండేట్టు చూసుకోండి.

డాక్టరు, మందులు

మా అబ్బాయికి మూడో తరగతిలో చూపించినప్పుడు డాక్టరు గారు అడిగారు, "మీ ఇద్దరిలో ఎవరన్నా చిన్నప్పుడు ఇట్టా ఉండేవాళ్ళా" అని. మా ఆయన నా వైపు చూశాడు. ఇది కుటుంబాల్లో చాలా గట్టిగా వచ్చేది, బిడ్డకి తేలాక తల్లికో తండ్రికో తేలడం మామూలే. కందుకూరులో నేను చదువుకునేటప్పుడు టీచర్లు "తెలివైంది కానీ కిటికీ వైపు చూస్తా ఉంటుంది" అనేవాళ్ళు, ఎవరినీ కొట్టలేదు, అల్లరి చేయలేదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆడపిల్లల్లో చాలామందికి ఇట్టానే దాటిపోతుంది.

రీల్స్ చూసి నాకూ ఉందని తేల్చేసుకోవద్దు, లేదని కొట్టిపారేయొద్దు. డాక్టర్లు చూసే పద్ధతి ఒకటి ఉంది. ధ్యాసకి సంబంధించినవి తొమ్మిది లక్షణాలు, నిలకడలేనితనం, తొందరపాటుకి సంబంధించినవి తొమ్మిది, పెద్దవాళ్ళకైతే ఒక వరసలో కనీసం ఐదు ఉండాలి, కొన్ని 12 ఏళ్ళ లోపే మొదలై ఉండాలి, ఇంట్లో ఒక్కచోటే కాకుండా బడి, పని, ఇట్టా రెండు మూడు చోట్ల ఇబ్బంది పెట్టాలి. థైరాయిడ్, రక్తం తక్కువ, నిద్రలో గురక సమస్య, దిగులు, ఆందోళన, ఇవి కూడా ఇట్టాగే కనపడతాయి కాబట్టి అవీ చూస్తారు. చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు ఉంటే తీసుకెళ్ళండి, అమ్మనో అక్కనో వెంట తీసుకెళ్ళండి, మన చిన్నతనం మనకంటే వాళ్ళకి బాగా గుర్తుంటుంది. నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. అసలు యాడ మొదలుపెట్టాలో తెలీకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, 2022 అక్టోబర్ నించి నడుస్తా ఉంది, డబ్బులు అక్కర్లేదు, రాత్రైనా పగలైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మందుల విషయంలో రోజువారీగా తెలియాల్సింది ఒకటుంది. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ కింద, అంటే గట్టి నియంత్రణ ఉన్న మందుల జాబితాలో వస్తుంది, ప్రిస్క్రిప్షన్ రెండు కాపీలు ఉండాలి, ఒకటి షాపువాళ్ళు రెండేళ్ళు దాచిపెట్టుకోవాలి, అందుకే అన్ని షాపుల్లో పెట్టరు. మర్చిపోయే మనుషులకే మందు తెచ్చుకోవడం ఇంత కష్టంగా ఉంది, నాకు దాని మీద బాధ ఉంది, కానీ నియమం నియమమే. కాబట్టి అయిపోవడానికి పది రోజుల ముందే పలక ఎక్కాలి. అటామోక్సెటిన్ అని ఇంకొకటి, దానికి ఆ తంటా అంత లేదు, కానీ పని చూపించడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకి ఏం తేడా లేదని మానేయకూడదు. బీపీ, గుండె సంగతి ముందే డాక్టరుకి చెప్పాలి, ఇంకొకరి మాత్ర మనం, మన మాత్ర ఇంకొకరు వేసుకోకూడదు. మందు వేసుకుంటే పలక అక్కర్లేదని కాదు. నాకు మందుతో పలక వైపు చూసే ఓపిక వచ్చింది, పని పలకే చేయించింది.

మా అత్తమ్మ మొదట్లో పిల్లోడికి మాత్రలంటే భయపడ్డారు. ఆ ఏడాది రొట్టెల పండగకి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి వాడి కోసం చదువు రొట్టె పట్టుకున్నారు. నేను వద్దనలేదు, నేనూ పక్కనే నిలబడ్డా. డాక్టరు దగ్గరకీ ఆమే వెంటొచ్చింది, రొట్టె ఆమెకి ధైర్యం ఇచ్చింది, ఆ ధైర్యంతో మాత్ర టైముకి ఇస్తా ఉంది, కోరిక తీరితే ఇవ్వాలి కదా, మరుసటేడు రొట్టె తిరిగిచ్చి వచ్చింది.

పద్ధతి చెడిపోయినప్పుడు

చెడిపోతుంది. మూడు వారాలకో నెలకో కచ్చితంగా చెడిపోతుంది, ఎందుకంటే కొత్తగా ఉన్నంతకాలమే మన కన్ను దాని మీద నిలుస్తుంది, తర్వాత పలక కూడా గోడలో కలిసిపోతుంది. అది మీ తప్పు కాదు, పద్ధతికి వయసైపోయింది అంతే. నేను పలకని తలుపుకి ఆ పక్క నించి ఈ పక్కకి మారుస్తా, ఒక్కోసారి రంగు సుద్దముక్కలు వాడతా, అలారం పాట మారుస్తా. అదే పని, కొత్త మొహం.

ఇంకొకటి, మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు వెనక బాకీ తీర్చడానికి పోవద్దు. నాలుగు రోజులు రాయలేదు కాబట్టి ఆ నాలుగు రోజుల పనులన్నీ ఒక్కసారి రాసి కూర్చుంటే ఐదో రోజు కూడా పోతుంది. గడువు ఉన్నది ఏదన్నా ఉంటే ఒకటి తీసుకోండి, మిగతాది నోటుబుక్కులోకి, పలక ఇవాళ్టి నించే. పోయిన నెల మా పిన్ని కూతురి పెళ్ళికి కందుకూరు పోయి వచ్చేసరికి ఆరు రోజుల దుమ్ము ఉంది పలక మీద, పెళ్ళికి ముందు రాసిన "పట్టు చీర ఇస్త్రీ" ఇంకా అట్టానే ఉంది. నేను బ్యాగులు కూడా విప్పకుండా సోఫాలో కూర్చుని అదే చూస్తా ఉన్నా, లేవబుద్ధి కాలేదు. మా అబ్బాయి తడిగుడ్డ తెచ్చి మొత్తం తుడిచేసి, "అమ్మా, చెప్పు, మూడే" అన్నాడు. పాల బిల్లు, యూనిఫాం ఉతకడం, పెదనాన్నకి ఫోను. వాడే రాశాడు, ఫోనులో ఫ కింద వత్తు మర్చిపోయి పోను అని రాశాడు, అట్టానే ఉంచేశాం.